కింద గంటకి ఎంత

ఆ లాండ్రీలో జీతం కవరు ఎవరూ ఎవరికీ చూపించరు. మొగుడు పెళ్ళానికి చూపించడు, పెళ్ళాం మొగుడికి చూపించదు. చూపిస్తే వచ్చేవారం అందులో పడేది తగ్గుతుందని ఒక నమ్మకం. ఆ నమ్మకం పుట్టించిన పుణ్యాత్ముడెవరో తెలీదు గానీ, దానివల్ల బాగుపడింది మాత్రం మేనేజరొక్కడే. ఎవరి బేరం వాళ్ళది, ఎవరి కవరు వాళ్ళది. కవరు మీద పెన్సిలుతో మూడే అంకెలుంటాయి. పైన చేసిన గంటలు, కింద చేసిన గంటలు, చివర మొత్తం డబ్బు. గంటకి ఎంత అన్నది మాత్రం భూతద్దం పెట్టి వెతికినా ఉండదు.

పైన అంటే ఇస్త్రీ హాలు. కింద అంటే ఉతుకుడు హాలు. కింద గోడకి అవతలే బాయిలరు. ఊళ్ళో ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు అన్నీ కింద ఉడికి, పైన మడతపడి, లారీ ఎక్కుతాయి.

పైన ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడేవాళ్ళలో అందరికంటే పెద్దవాడు బాబాయి. నిజానికి ఆయన బాబాయి అయింది ఒక్క అమ్మాయికే, అన్న కూతురికి. కానీ ఆ పిల్ల పనిలో చేరిన రోజు నుంచి లాండ్రీ మొత్తానికి బాబాయి అయిపోయాడు. కుడి మోకాలు సహకరించదు కాబట్టి పొద్దున ఒకసారి మెట్లెక్కాడంటే పని అయ్యేదాకా కిందకి దిగడు. మోకాలు తప్ప ఒంట్లో మిగతావన్నీ చిలిపి పనులకి సిద్ధంగా ఉంటాయి. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి ఏప్రన్ తాళ్ళు కలిపి ముడేస్తాడు. ఒకసారి మేనేజరు చేతిరుమాలుకి చిక్కటి గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఇచ్చాడు. ఆయన తుమ్మొచ్చి జేబులోంచి తీస్తే అది అట్టముక్కలా నిలబడింది. ముక్కు తుడుచుకోవడానికి లేదు, దాచుకోవడానికి లేదు.

ఆ జీతాల రోజు సాయంత్రం ఇంట్లో గొడవ మొదలైంది. ఇల్లంటే ఒకటే గది. మధ్యలో తెర. తెరకి ఇవతల అమ్మాయీ ఆమె మొగుడూ, అవతల బాబాయి మంచం. ఆయనకి ఆ మొగుడు అల్లుడు వరస కాబట్టి ఆ కుర్రాణ్ణి కూడా లాండ్రీలో అందరూ అల్లుడనే పిలుస్తారు. ఆ గదికి కిటికీ లేదు. కిటికీ ఉన్న గది చూసి పెట్టుకున్నారు, బయానా కోసం డబ్బాలో దాస్తున్నారు. ఆ డబ్బాలో అల్లుడు నోట్లు వేస్తుంటే అమ్మాయి చూసింది. లెక్కపెట్టింది. అంతే.

ఇద్దరూ ఒకే రోజు చేరారు, ఒకే బేరానికి చేరారు. ఈ వారం ఇద్దరూ నలభై ఎనిమిదేసి గంటలు చేశారు. ఆమె కవర్లో మూడు వేల మూడు వందల అరవై. అతని కవర్లో నాలుగు వేల మూడు వందల ఇరవై. నా వెనక వెళ్ళి విడిగా బేరమాడుకున్నావని ఆమె. అమ్మ తోడు ఆడలేదని అతను. ఆడకపోతే మేనేజరు నీ అందం చూసి ఇచ్చాడా అని ఆమె. తెర అవతల నుంచి ఒక దగ్గు వినపడింది. బాబాయి దగ్గాడంటే తీర్పు చెప్పబోతున్నాడని అర్థం.

"అందానికైతే నాకూ పడాలి కదమ్మా" అంటూ తెర పక్కకి లాగాడు. "నా కవర్లో ముక్కినా రెండు వేల నాలుగొందలు దాటలేదు."

"బాబాయ్, నవ్వులాట కాదు."

"సరే, కాదు. కవర్లు రెండూ ఇలా పడెయ్యండి."

పడేశారు. నమ్మకం తెగిపోయింది. ఒకరి కవరు ఒకరు చూడటం ఆ ఇంట్లో అదే మొదటిసారి. బాబాయి చదువు గట్టిగా సాగింది కాదు. లెక్కల్లో అంకెల బదులు అక్షరాలు రావడం మొదలైన ఏడే బడి మానేశాడు. కానీ మానేసేముందు ఒక్క కిటుకు మాత్రం పట్టేశాడు, దాన్ని ఇన్నేళ్ళూ టీ బంకు మీద ప్రయోగిస్తూ వచ్చాడు. ఆ బంకువాడు దేని ధరా చెప్పడు, తిన్నాక మొత్తం ఇంతయిందంటాడు. రెండు టీలూ ఒక బన్నూ ఇరవై ఆరన్నాడు ఒకరోజు. మర్నాడు రెండు టీలూ మూడు బన్నులూ నలభై ఆరన్నాడు. టీలు రెండు రోజులూ రెండే. మరి పెరిగిన ఇరవై ఎక్కడిది? ఎక్కువ తిన్న రెండు బన్నులది. బన్ను పది. మొదటి రోజు ఇరవై ఆరులోంచి పది తీసేస్తే రెండు టీలు పదహారు, టీ ఎనిమిది. తెలియనివి రెండుంటే తెలిసిన మాటలు రెండు కావాలి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే దాక్కున్నది బయటికొస్తుంది. అదీ ఆయన చదువంతా.

బట్టల మీద గుర్తులు పెట్టే సుద్దముక్క చెవి మీదే ఉంది. నేల మీద కూర్చుని రాయడం మొదలెట్టాడు.

అమ్మాయి పైన ముప్పై ఆరు గంటలు, కింద పన్నెండు. అల్లుడు పైన ఇరవై నాలుగు, కింద ఇరవై నాలుగు.

"ఇక్కడ టీలు సమానంగా లేవు బాబాయ్" అంది అమ్మాయి, గొడవ మర్చిపోయి.

"సమానం చేస్తే పోలా? నువ్వు ఇలాంటి వారాలు రెండు చేశావనుకో."

రెండు వారాలైతే ఆమెకి పైన డెబ్బై రెండు, కింద ఇరవై నాలుగు, డబ్బు ఆరు వేల ఏడు వందల ఇరవై. ఇప్పుడు కింద గంటలు ఇద్దరికీ ఒకటే. దాంట్లోంచి అల్లుడి వారం తీసేశాడు. కింద గంటలు చెల్లుకు చెల్లు. మిగిలింది పైన నలభై ఎనిమిది గంటలు, రెండు వేల నాలుగు వందలు. అంటే పైన గంటకి యాభై. బాబాయి తన కవరు తీసి పక్కన పెట్టాడు. పైన నలభై ఎనిమిది, రెండు వేల నాలుగు వందలు. సరిగ్గా యాభైకే కుదిరింది.

"ఇక కింద గంట" అని అల్లుడి కవరు మీదకి వంగాడు. అతను పైన చేసిన ఇరవై నాలుగు గంటలకి పన్నెండు వందలు పోతే, మిగిలింది మూడు వేల నూట ఇరవై. దాన్ని ఇరవై నాలుగుతో భాగించాడు. భాగించి, చేత్తో తుడిచేసి, మళ్ళీ భాగించాడు.

నూట ముప్పై.

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వేశారు. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. అతను కింద ఎక్కువ గంటలు చేశాడు, ఎక్కువ పడింది, అంతే కథ. బాబాయి మాత్రం నవ్వలేదు. ఆయన నవ్వకపోవడమే వాళ్ళకి వింతగా అనిపించింది.

ఆయన లెక్క మొదలెట్టింది ఎంత కాజేశారో తేల్చుదామని. ఆ మేనేజరు పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు. ఏప్రన్ చిరిగితే దారం ఖర్చు కూడా పనివాళ్ళ దగ్గరే వసూలు చేసే మనిషి. అలాంటివాడు ఎవరూ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా, కింద గంటకి రెండింతల మీద ఇస్తున్నాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మేనేజరు మనకి అమ్మ కంటే ఎక్కువ ఎప్పుడయ్యాడో అర్థం కాలేదు బాబాయికి.

పాత కవర్లున్నాయా అని అడిగాడు. ఉన్నాయి, కానీ డబ్బాల కింద ఉన్నాయి. అమ్మాయి వాటిని చింపి విప్పి అలమర అరల్లో పరిచింది, మరకలు పడకుండా. బాబాయి ఉప్పు డబ్బా దించాడు, పప్పు డబ్బా దించాడు, నూనె సీసా దించాడు. అల్లుడు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని చూస్తున్నాడు. పైన గంట యాభై అని తేలాక ఇక ఒక్కో వారానికి ఒక్క కవరు చాలు. అమ్మాయి ఏ అర ఎప్పుడు పరిచిందో చెబుతుంటే, ఆయన కింద గంట ధర ఒకదాని కింద ఒకటి నేల మీద రాసుకుంటూ పోయాడు.

యాభై. యాభై. అరవై ఐదు. ఎనభై. నూట ముప్పై.

"మన పని మెచ్చుకుని పెంచారంటే ఒకసారి పెంచి ఊరుకుంటారు" అన్నాడు. "ఇలా వారంవారం ఎక్కేది జీతం కాదమ్మా, జ్వరం."

అల్లుడికి ఆ మాట చెవికెక్కలేదు. అతని కళ్ళు నూట ముప్పై మీదే ఉన్నాయి. ఈ సంగతి ముందే తెలిస్తే పైన ఒక్క గంట కూడా నిలబడేవాణ్ణి కాదన్నాడు. సుద్ద లాక్కుని నలభై ఎనిమిదిని నూట ముప్పైతో హెచ్చవేశాడు. ఆరు వేల రెండు వందల నలభై. ఇలా రెండు నెలలు కిందే ఉంటే కిటికీ ఉన్న గది మనదేనన్నాడు పెళ్ళాంతో. ఆమె మొహం విప్పారింది. బాబాయి ఆ ఇద్దర్నీ చూశాడు. దాక్కున్నదాన్ని బయటికి లాగింది తను. దాని వెనకాల పరిగెత్తేది వీడు.

కింద ఈమధ్య ఏం మారిందిరా అని అడిగాడు. ఏమీ మారలేదన్నాడు అల్లుడు. ఇంకా హాయిగా ఉంది, ఆ ఈల గోల లేదన్నాడు.

ఈల అంటే బాయిలరు నెత్తిమీద ఉన్న ఆవిరి ఈల. లోపల ఆవిరి ఎక్కువైతే దాని మూత కాస్త లేచి, కూసి, మళ్ళీ కూర్చుంటుంది. మూత లేవకుండా ఒక కమ్మీ, కమ్మీ చివర ఒక ఇనప దిమ్మ. అది పొట్టిగా కూస్తే ఫర్వాలేదు. ఆగకుండా పొడుగ్గా కూస్తే మాత్రం చేతిలో ఏముంటే అది వదిలేసి అందరూ ఆవరణలోకి పరిగెత్తాలి. ఆ పద్ధతి నేర్పింది ఆవిరి తాత. తల నెరిసిందాకా ఆ బాయిలరుని కనిపెట్టుకున్న మేస్త్రీ ఆయన. ఈల మోగగానే మంట తగ్గించేస్తాడు, పని ఆగిపోతుంది, లారీ ఆలస్యమవుతుంది. మేనేజరుకీ ఆయనకీ ఎప్పుడూ చుక్కెదురే. చివరికి ఆయన్ని పంపించేశారు. ఆ తర్వాత ఈల నోరు మెదపలేదు. కొత్త సామాను బిగించామని చెప్పారు.

బాబాయికి ఆ ఈల బాగా తెలుసు. నోట్లో రెండు చేతుల వేళ్ళు పెట్టి అచ్చం దానిలా వెయ్యగలడు. అల్లుడు చేరిన కొత్తలో ఒకరోజు ఆవరణలో నిలబడి పొడుగ్గా వేశాడు. కింద ఉన్నవాళ్ళంతా తడి చేతులతో బయటికొచ్చి పడ్డారు. అల్లుడి ఒక కాలికి చెప్పు కూడా లేదు. బాబాయి కడుపు పట్టుకుని నవ్వాడు. ఆవిరి తాత మాత్రం బొగ్గు పార తీసుకుని వెంటపడ్డాడు. పట్టుకుని కొట్టలేదు గానీ ఒక మాటన్నాడు, నీ నోటితో ఆ ఈల వెయ్యకు, నిజంది మోగినరోజు వీళ్ళు ఒక్క క్షణం నిలబడి నవ్వుతారు, ఆ క్షణం చాలు అని. జీవితంలో బాబాయి మానేసిన చిలిపి పని అదొక్కటే.

"కొత్త సామాను ఏం బిగించార్రా?" అని అడిగాడు ఇప్పుడు.

"సామానూ లేదు, గీమానూ లేదు మామయ్యా" అన్నాడు అల్లుడు నవ్వుతూ. "కమ్మీకి ఇంకో దిమ్మ వేలాడదీశారు. తాత వెళ్ళినప్పుడు ఒకటి. మూత మళ్ళీ కదిలితే ఇంకోటి. మొన్న మళ్ళీ బుసకొట్టింది, పాత మిషను చక్రం ఉంటే అది కూడా తగిలించారు. ఇప్పుడు చచ్చినా నోరు తెరవదు."

బాబాయి సుద్ద తీసుకుని నేల మీది అంకెల పక్కన సున్నాలు చుట్టాడు. అరవై ఐదు పక్కన ఒకటి. ఎనభై పక్కన రెండు. నూట ముప్పై పక్కన మూడు, మూడోది పెద్దది. దిమ్మ పడినప్పుడల్లా ధర ఎక్కింది. కింద ఉన్నవాళ్ళెవరికీ చెప్పని సంగతి, కింద గంట ధర చెప్పేసింది.

మూత లేవకపోతే ఆవిరి బాయిలర్నే పగలగొట్టుకుని వస్తుందని, ఆ భయానికే మేనేజరు ధర పెంచుతున్నాడని ఆయన వివరంగా చెప్పాడు. అల్లుడు శ్రద్ధగా విన్నాడు. విని, ఇది కూడా గంజి రుమాలు లాంటిదేగా మామయ్యా అన్నాడు. తప్పు వాడిది కాదు. పెళ్ళైన కొత్తలో, ఉతుకుడు డ్రమ్ములో మనిషి పడితే రెండు సైజులు తగ్గి వస్తాడని చెప్పి వాణ్ణి వారం రోజులు డ్రమ్ముకి ఆమడ దూరంలో నిలబెట్టిన ఘనుడు బాబాయే.

అమ్మాయి అరల్లో కవర్లు మళ్ళీ పరుస్తూ మెల్లగా అడిగింది. "ఇందులో నవ్వులాట ఎంత బాబాయ్?"

"సున్నా తల్లీ."

ఆమె ఉప్పు డబ్బా కింద పెట్టి నేల మీది అంకెల దగ్గరకొచ్చి కూర్చుంది.

మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజు పొద్దున్నే మేనేజరు బల్ల ముందు జనం. అల్లుడు నోట్లో నువ్వుగింజ నానదు. గేటు దగ్గరే నూట ముప్పై సంగతి చెప్పేశాడు. ఇన్నేళ్ళుగా కవరు గుండెకి అదుముకుని తిరిగినవాళ్ళంతా గోడవార నిలబడి కవర్లు పోల్చుకున్నారు. బాబాయి లెక్క అందరికీ కుదిరింది. బేరాలన్నీ ఒకటేనని కూడా అప్పుడే తెలిసింది, దానికి కొంచెం తిట్టుకున్నారు. తర్వాత అందరూ ఒకటే అడిగారు, మమ్మల్ని కిందకి వెయ్యండి సార్ అని. మేనేజరు వాళ్ళకి ఈ సంగతి ఎలా తెలిసిందని అడగలేదు. ఎందుకని అడగలేదు. ఎవరి వైపూ చూడకుండా పేర్లు రాసుకున్నాడు. ఈ వారానికి మాత్రమే అన్నాడు. అల్లుడి పేరు మొదటిది.

బాబాయి మెట్ల మీద కూలబడి, దొరికినవాణ్ణల్లా ఆపి చెప్పాడు. దిమ్మలు చెప్పాడు, ధరలు చెప్పాడు, జ్వరం చెప్పాడు. కొందరు నవ్వారు. ఒకతను భుజం తట్టి, నీ మోకాలు నిన్ను పోనివ్వట్లేదని మా కాళ్ళకి అడ్డం పడకు బాబాయ్ అని గబగబా దిగిపోయాడు. ఇంకొకామె, నిజంగా ప్రమాదమైతే మేనేజరు ఇక్కడే ఎందుకు కూర్చుంటాడని అడిగింది. దానికి బాబాయి దగ్గర జవాబు లేదు. పైకెక్కాడు.

పైకెక్కాక జవాబు దొరికింది. ఇస్త్రీ హాలు చివర, సరిగ్గా బాయిలరు గదికి పైన, లెక్కలాయన గది ఉండేది. జీతాలు కట్టేది, కవర్లు రాసేది ఆయనే. ఆ గది ఖాళీగా ఉంది. నేల మీద బల్ల కాళ్ళ గుర్తులు నాలుగున్నాయి, బల్ల లేదు. ఎక్కడుందో కిటికీలోంచి కనిపించింది. గేటు పక్కన రేకుల షెడ్డులో వేసుకున్నాడు. మేనేజరు కారు కూడా లోపల లేదు. ఎప్పుడూ ఆవరణలో నీడకి పెట్టేది, ఇప్పుడు రోడ్డుకి అవతల ఎండలో ఉంది. మేనేజరు పేర్లు రాసుకున్న బల్ల ఎక్కడుందో కూడా బాబాయికి అప్పుడు తట్టింది. గేటు దగ్గరే.

ఆ పూట లెక్కలాయన తన కోటు ఇస్త్రీకి తెచ్చాడు. బల్ల మార్చారేంటి సార్ అని అడిగాడు బాబాయి, కోటు మీద నీళ్ళు చిలకరిస్తూ. వెలుతురు కోసమన్నాడు ఆయన. వెలుతురు ఇక్కడే ఎక్కువ కదా అన్నాడు బాబాయి. కింద గంటకి పొరపాటున ఎక్కువ పడుతున్నట్టుంది, చూసుకోండి సార్ అన్నాడు బాబాయి, మామూలుగా ఏడిపించే గొంతుతోనే.

లెక్కలాయన అటూ ఇటూ చూసి దగ్గరకొచ్చాడు.

"పొరపాటు కాదు. కొత్త బాయిలరు వచ్చేదాకా ఎలాగోలా నడపాలి, కవరు లావెక్కితే కింద పని ఎవరూ వద్దనరన్నారు. నువ్వు మాత్రం కిందకి పోకు."

"నా అల్లుడు కిందే ఉన్నాడు సార్."

"నాకేం చెప్పకు" అని ఆయన కోటు తడిగానే లాక్కుని వెళ్ళిపోయాడు. దాన్ని తొడుక్కోలేదు కూడా, చేతిమీద వేసుకుని వడివడిగా గేటు వైపు నడిచాడు.

బాబాయి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి అరచేయి బల్ల మీద ఆనించాడు. బల్ల సన్నగా వణుకుతోంది. ఎప్పుడూ వణికేదే, కింద డ్రమ్ములు తిరుగుతాయి కదా. కానీ ఇప్పుడు డ్రమ్ములు ఆగి ఉన్నాయి, బట్టలు మార్చే వేళ. అయినా వణుకుతోంది. గోడ వెంట పోయే ఆవిరి గొట్టం కీళ్ళ దగ్గర టిక్కు టిక్కుమంటోంది. పక్కబల్ల మీద అమ్మాయి దిండుగలీబు మడతేస్తోంది, ఆమెకి వినపడలేదు. హాలంతా ఎవరి పనిలో వాళ్ళున్నారు. కింద నుంచి అల్లుడి నవ్వు వినపడింది. పొద్దుట్నుంచి నూట ముప్పైలు లెక్కపెట్టుకుంటున్నాడేమో.

చెప్తే నమ్మరు. బతిమాలితే నవ్వుతారు. అల్లుడి రెక్క పట్టి లాక్కొస్తే వాడొక్కడు వస్తాడు, అదీ సాయంత్రానికి మళ్ళీ దిగుతాడు. జీవితమంతా జనాన్ని ఆడించి ఆడించి, ఈ ఒక్కరోజు నిజం చెప్పడానికి నోరు పనికిరాకుండా పోయింది. మాటలకి పనికిరాని నోరు ఇంకెందుకైనా పనికొస్తుందా అనుకున్నాడు. ఆవిరి తాత బొగ్గు పార గుర్తొచ్చింది. తాత మాట కూడా. నిలబడి నవ్వుతారు, ఆ క్షణం చాలు. నవ్వితే అయిపోయింది. కానీ మూడు వారాలుగా ఆ ఈల వాళ్ళ చెవిన పడలేదు. మర్చిపోయిన చప్పుడు వింటే తల ఆలోచించేలోపే కాళ్ళు పరిగెడతాయేమో.

"తల్లీ, గేటు దగ్గర నా మందుసీసా మర్చిపోయా. మోకాలు గుంజేస్తోంది, తెచ్చిపెట్టు" అన్నాడు.

అమ్మాయి ఆయన మొహంలోకి చూసింది. మందుసీసా ఏదీ లేదని ఆమెకి తెలుసు. అయినా గలీబు బల్ల మీద పెట్టి మెట్లు దిగింది. ఆమె ఆవరణ దాటి గేటు చేరేదాకా కిటికీలోంచి చూశాడు.

ఇస్త్రీ హాలు మధ్యలో ఒక రేకు గొట్టం ఉంది. పైన మరకలు కనిపించిన బట్టల్ని మళ్ళీ ఉతకడానికి అందులోంచి కిందకి జారవిడుస్తారు. అది సరిగ్గా ఉతుకుడు హాల్లో తెరుచుకుంటుంది. బాబాయి కుంటుకుంటూ దాని దగ్గరకెళ్ళి, తల లోపల పెట్టి, రెండు చేతుల వేళ్ళూ నోట్లో పెట్టుకున్నాడు.

ఈల కింద హాలంతా నిండిపోయింది. ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా గోడల్లోంచి వచ్చినట్టు వచ్చింది. ఊపిరి అయిపోయేదాకా ఆపలేదు. ఆపి, పీల్చుకుని, మళ్ళీ వేశాడు. కింద బకెట్లు పడ్డ చప్పుడు, చెప్పుల చప్పుడు. పైన ఉన్నవాళ్ళు కూడా మెట్ల మీద పడ్డారు. గొట్టంలో తల పెట్టిన ముసలాణ్ణి ఎవరూ చూడలేదు. కాళ్ళు పరిగెత్తాయి, తలలు తర్వాత ఆలోచించుకోవచ్చనుకున్నాయి.

బాబాయి తల బయటికి తీసి కిటికీ దగ్గరకి వచ్చేసరికి ఆవరణ నిండింది. తడి చేతులు, వేలాడే ఏప్రన్లు. బొగ్గు వేసేవాడు కూడా పారతో సహా బయటే ఉన్నాడు. అల్లుడున్నాడు, ఈసారి రెండు కాళ్ళకీ చెప్పులున్నాయి. ఈల వింటే ఆవరణలో నిలబడాలి, అదే వాళ్ళు నేర్చుకున్న పద్ధతి. అందరూ నిలబడ్డారు.

నిలబడనివాళ్ళు ఇద్దరే. మేనేజరు తన బల్ల దగ్గర్నుంచి లేచి గేటు బయటికి పరిగెడుతున్నాడు. పరిగెడుతూ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. లోపల ఎవరైనా మిగిలారా అని అడగలేదు, బయటికి రండని అరవలేదు. రోడ్డు దాటి, తన కారు కూడా దాటి, ఆగి ఉన్న లారీ వెనక చేరి తల మీద రెండు చేతులూ పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. లెక్కలాయన అంతకుముందే అక్కడున్నాడు, తడి కోటు నెత్తిన కప్పుకుని.

ఆవరణలో ఉన్నవాళ్ళు ఇదంతా చూశారు. ఎవరూ నవ్వలేదు. ముందు అమ్మాయి కదిలింది. అల్లుడి చెయ్యి పట్టుకుని గేటు దాటింది. తర్వాత ఒకరి వెనక ఒకరు, తొందరపడకుండా, బాయిలరు గది వైపు వీపు పెట్టకుండా, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ అందరూ రోడ్డు దాటారు. బాబాయి అప్పటికి మెట్లు దిగడం మొదలెట్టాడు. ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ పెట్టాలి. మెట్ల పక్క ఇనప కమ్మీ పట్టుకుంటే చెయ్యి కాలింది. ఎప్పుడూ కాలేది కాదు.

పేలుడేదీ రాకపోయేసరికి మేనేజరు లేచి ప్యాంటు దులుపుకున్నాడు. ఏమీ లేదు, పదండి లోపలికి అన్నాడు. ఎవరూ కదల్లేదు.

"ఏమీ లేకపోతే మీరెందుకు పరిగెత్తారు సార్?" అని అడిగాడు అల్లుడు. గొంతు మామూలుగానే ఉంది. అడుగుతున్నంతసేపూ పెళ్ళాం చెయ్యి మాత్రం వదల్లేదు.

మేనేజరు మళ్ళీ ప్యాంటు దులుపుకుంటుండగా బాబాయి ఆవరణ దాటి వచ్చాడు. అందర్లోకి ఆఖరివాడు. ఆయన్ని చూడగానే సంగతి అర్థమైంది కొందరికి. బొగ్గు వేసేవాడు పకపకా నవ్వి మధ్యలోనే ఆపేశాడు. మేనేజరు మొహం ఎర్రబడింది. సిగ్గంతా కోపంగా కక్కడానికి ఒక మనిషి దొరికాడు.

"నువ్వా? ఇదంతా నువ్వు చేశావా?"

"నేనే సార్" అన్నాడు బాబాయి రొప్పుతూ. "ఈల నాది. పరుగు మీది."

రేపట్నుంచి గేటు తొక్కొద్దన్నాడు మేనేజరు. బాబాయి తలూపాడు. మిగతావాళ్ళు వెంటనే పనిలోకి వెళ్ళకపోతే ఈ వారం కవరే ఉండదన్నాడు. కావాలంటే కింద గంటకి ఇంకో ఇరవై వేస్తానన్నాడు. ఆ మాట నోరుజారి వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోవడం కుదర్లేదు. నూట యాభై. జనం ఒకరినొకరు చూసుకున్నారు. అల్లుడి పెదాలు కదిలాయి, కానీ ఈసారి వాడు హెచ్చవెయ్యలేదు.

"మీరు ముందు పదండి సార్" అన్నాడు బాబాయి. "మీ వెనకే వస్తాం."

మేనేజరు గేటు వైపు చూశాడు. ఒక అడుగు కూడా వెయ్యలేదు.

అప్పుడు మోగింది ఈల. సన్నగా మొదలై, పొడుగ్గా, ఆగకుండా. అందరూ విసుగ్గా బాబాయి వైపు తిరిగారు. చాలు బాబాయ్, ఆపు అంది అమ్మాయి. బాబాయి నోరు మూసుకునే ఉంది. చేతులు రెండూ మోకాలిని అదిమి పట్టుకుని ఉన్నాయి. ఒక చెయ్యి మెల్లగా తీసి, తనకే నమ్మకం లేనట్టు పెదాలు తడుముకున్నాడు. జనం ఆ పెదాలు చూశారు, ఆ చేతులు చూశారు, తర్వాత తలలు ఒక్కొక్కటే లాండ్రీ వైపు తిరిగాయి.

మేనేజరు మాత్రం ఎటూ చూడలేదు. ఆయన అప్పటికే పరిగెడుతున్నాడు.